మూడొంతుల ముఖాలు

మిల్వాకీ,
సెప్టెంబర్ 14, 2020

వెర్డెల్ పెద్దమ్మకు,

ఫోన్ చెయ్యొద్దన్నావు. "ఫోన్‌లో నువ్వు అబద్ధాలాడతావు, పైగా నాకు సగమే వినిపిస్తాయి" అన్నావు. సరే, కాగితమే. చేతిరాత గురించి మాత్రం ఏమీ అనకు, నాలుగేళ్ళుగా కీబోర్డు తప్ప పెన్ను పట్టింది లేదు.

బడి మొదలైంది. బడి అంటే కంప్యూటర్ తెర. ఓవర్టన్ స్కూల్లో నాలుగో తరగతి, ఇరవైమూడు మంది పిల్లలు. అసలు టీచర్ మిసెస్ బెల్‌కి ఆస్తమా, జనవరిలో రిటైరవుతోంది. ఈ సెమిస్టర్ ఆవిడ దగ్గర నేను ట్రైనీని. డిసెంబర్‌లో నాకు టీచర్ సర్టిఫికెట్ చేతికొస్తే జనవరి నుంచి ఈ తరగతి నాకే ఇస్తానని ప్రిన్సిపాల్ నోటితో చెప్పాడు. పెద్దమ్మా, నాకంటూ ఒక తరగతి! నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కాలేజీకి వారానికోసారి వెళ్తున్నాను. ముందు ఫోన్‌లో జ్వరముందా, దగ్గుందా అని అడుగుతుంది, అన్నీ లేవంటే పచ్చ టిక్ వస్తుంది, అది చూపిస్తే తలుపు తెరుస్తారు. నేల మీద బాణాలు అంటించారు. బాణాల ప్రకారం నడిస్తే టాయిలెట్‌కి వెళ్ళాలన్నా బిల్డింగంతా ప్రదక్షిణ చెయ్యాలి.

ఇంకో సంగతి. వేసవిలో పోలీసులు నల్లవాళ్ళని చంపడం మీద నిరసన ఊరేగింపులు అయ్యాక మా ఎడ్యుకేషన్ కాలేజీకి జాతి సమానత్వం గుర్తొచ్చింది. వెబ్‌సైట్‌లో దానికో పేజీ పెట్టి, అందులో అడగకుండా నా ఫోటో వేశారు. రెండేళ్ళ నాటిది. మెట్ల మీద నా తోటి ట్రైనీ మరిసోల్ పిజ్జా కింద పడేసుకుంటే పగలబడి నవ్వుతున్నాను. ఇప్పుడు చూస్తే సమానత్వాన్ని చూసి నవ్వుతున్నట్టుంది. నన్ను ఆ కమిటీలో కూడా వేశారు.

పిల్లలు చాలామంది కెమెరా పెట్టరు. నల్లటి గళ్ళు, వాటిల్లో పేర్లు. నేనూ బలవంతం చెయ్యను. మాట్లాడతారు, అది చాలు.

నీ
టమియా

*

కార్సన్ లాండింగ్, ఆర్కన్సా
సెప్టెంబర్ 25

టమియా,

నీ ఉత్తరం నడుచుకుంటూ వచ్చినట్టుంది. పోస్టాఫీసు వాళ్ళని అడిగితే "ఉత్తరాలు వేరుచేసే యంత్రాలు తీసేశారమ్మా, మేమేం చెయ్యం" అన్నారు.

నీ తరగతి సంగతి చదివి వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత చివరి నాలుగు లైన్లు చదివాను. చదివి కూర్చున్నాను.

ముఖాలు చూడకుండా పాఠం చెప్పడమేమిటే? వండిందంతా గోడకి వడ్డిస్తావా? లెక్క అర్థం కాలేదని పిల్లవాడి నోరు చెప్పదు, కనుబొమ్మ చెబుతుంది. "బలవంతం చెయ్యను" అట! ఎవరు నేర్పారు నీకా మెత్తదనం, ఆ కాలేజీయేనా? మన పిల్లల్ని కనపడకుండా వెనక బెంచీల్లో కూర్చోబెట్టిన రోజులు చూసినదాన్ని. ముందు వరసలో, తల దువ్వుకుని, మెడ నిలబెట్టి కూర్చోండిరా అని అరిచి అరిచి నా గొంతు పోయింది. నువ్వేమో చీకటి గళ్ళు చాలంటున్నావు. పిల్లలు పక్క మీద పడుకుని వింటున్నారేమో నీకేం తెలుసు? తల్లులకి ఫోన్ చెయ్యి. ఒక్కొక్కరికీ.

మా మౌంట్ కాల్వరీ చర్చి ఇప్పుడు పార్కింగ్ స్థలంలో. అందరం కార్లలోనే. ఆమెన్ అనడానికి హారన్ కొడుతున్నారు. పాస్టర్ గారు తుమ్మినా డీకన్ హారిస్ హారన్ కొడతాడు.

మాస్కు ముక్కు పైకి లాక్కో.

వెర్డెల్

*

మిల్వాకీ,
అక్టోబర్ 4

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు జవాబు రాయలేదు, రాస్తే కాగితం చిరిగేలా రాస్తానని. ఇప్పుడు కాస్త చల్లబడ్డాను, కాస్తే.

తల్లులకి ఫోన్ చెయ్యలేదనుకున్నావా? మొదటి వారంలోనే చేశాను. క్వింటెల్ అనే పిల్లాడు పాఠం వినేది స్నానాల గదిలో, నీళ్ళు లేని తొట్టిలో దిండు వేసుకుని. ఇంట్లో తలుపు మూసుకునే చోటు అదొక్కటే. నైలా వాళ్ళ అమ్మమ్మ రాత్రంతా ఆసుపత్రిలో గదులు తుడిచొచ్చి, ఆ పిల్ల కూర్చునే మంచం మీదే పగలు పడుకుంటుంది. నైటీలో ఉన్న అమ్మమ్మని క్లాసంతా చూడాలా? ఎవరూ పక్క మీద దొర్లడం లేదు పెద్దమ్మా. మొన్న భిన్నాలు చెబుతుంటే క్వింటెల్ "మిస్ గాడిస్, మీరు పైనా కిందా తిప్పేశారు" అని నన్నే దిద్దాడు, తొట్టిలోంచి.

వెనక బెంచీ నాకు చెప్పకు. వెనక బెంచీలో వాళ్ళని కనపడకుండా చేసింది ఇంకొకరు. ఇక్కడ వాళ్ళకు వాళ్ళే తలుపేసుకున్నారు.

అసలు విషయం ఇది. కాలేజీ నిర్వహణ చూసే ఆపరేషన్స్ కమిటీ కొత్త నియమం పెట్టింది. మా పాఠాన్ని కాలేజీ మనిషి చూసి పాస్ చేయాలి కదా, ఆన్‌లైన్ పాఠమైతే పిల్లల్లో మూడొంతుల మంది ముఖాలు తెర మీద కనపడాలట. లేకపోతే ఆ పరిశీలన లెక్కలోకి రాదు, సర్టిఫికెట్ రాదు. శివార్ల స్కూళ్ళు తెరిచే ఉన్నాయి, అక్కడున్న ట్రైనీల పిల్లలు మాస్కులతో బెంచీల్లో కూర్చున్నారు. సగం ముఖం గుడ్డ కిందే, అయినా అవి ముఖాలే. సిటీ స్కూళ్ళలో మేం తొమ్మిది మందిమి. ఏడుగురం నల్లవాళ్ళం, మరిసోల్, ఇంకో మెక్సికన్ కుర్రాడు. ఎవరూ కావాలని చెయ్యలేదు. అదే నాకు ఎక్కువ మండుతోంది.

సమానత్వ కమిటీలో చెప్పాను. ఆ రోజు మేం మా ప్రకటన మొదటి వాక్యం మీద గంటసేపు కూర్చున్నాం. డీన్ డాక్టర్ హాలరన్ మంచిదే, త్వరగా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. "టమియా, నీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ అది ఆపరేషన్స్ కమిటీ పని. ఇది సమానత్వ కమిటీ" అంది. తర్వాత రెండో వాక్యానికి వెళ్ళాం.

టమియా

*

కార్సన్ లాండింగ్,
అక్టోబర్ 15

టమియా,

కోపంగా రాస్తే నీ అక్షరాలు గుండ్రంగా వస్తున్నాయి. తరచూ కోప్పడు.

స్నానాల తొట్టి సంగతి చదివాక నేనన్నది వెనక్కి తీసుకోను గానీ, దాని పక్కన ఇంకోటి పెడుతున్నాను. పార్సెల్ విప్పు. మా చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్ళ పాత గౌన్లు, ఆ మెరూన్ రంగువి, గుర్తున్నాయా? ఈ జబ్బు పోయేదాకా పాటలు లేవు, కొత్తవి ఎలాగూ వచ్చాయి. నేనూ, చర్చి ఆఫీసు చూసే సిస్టర్ ఓడమ్, ఇంకో ఇద్దరు కూర్చుని ఇరవైమూడు గుడ్డ తెరలు కుట్టాం. అంచుకి పాత బంగారు పట్టీయే వేశాం. పైన గొట్టంలా మడిచాను, కర్రయినా దూరుతుంది, తాడైనా దూరుతుంది. ఏదీ లేకపోతే పిన్నీసులున్నాయి. వెనక కట్టుకుంటే అమ్మమ్మ కనపడదు, పిల్ల కనపడుతుంది. ఆ కాలేజీ వాళ్ళు ముఖాలడిగితే ముఖాలు వాళ్ళ ముందు పడెయ్. సర్టిఫికెట్ తెచ్చుకో.

సిస్టర్ ఓడమ్ కుట్టినవి కాస్త వంకర. ఏమనకు, ఆవిడకి కంటి ఆపరేషనైంది.

వెర్డెల్ పెద్దమ్మ

*

మిల్వాకీ,
నవంబర్ 1

పెద్దమ్మా,

నిజం చెబుతాను. పార్సెల్ విప్పగానే ఒళ్ళు మండింది. "ఇల్లు దాచుకుంటేనే మీరు కనపడొచ్చు" అని పిల్లలకి చెప్పినట్టనిపించింది. రెండు రోజులు పెట్టె మూసి మంచం కిందకి తోసేశాను.

బుధవారాలు స్కూలు గేటు దగ్గర పిల్లలకి భోజనం సంచులిస్తారు. చివరికి అక్కడ నిలబడి, సంచీతోపాటు తెర కూడా ఇచ్చాను. "కావాలంటేనే" అని ప్రతి తల్లికీ చెప్పాను. ఒకావిడ బంగారు అంచు వేళ్ళతో తడిమి, "ఇది చర్చి గుడ్డ కదూ?" అంది. అవునన్నాను. మడత పెట్టి గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కంప్యూటర్ తెర మీద ఒక్కొక్క గడి వెలిగింది. మెరూన్, మెరూన్, మెరూన్. ఒక క్వయర్ నా ఎదుట కూర్చున్నట్టుంది! క్వింటెల్ షవర్ కర్ర మీద వేశాడు. "మిస్, అందరికంటే నాదే బాగా వేలాడుతోంది, చూడండి." ఒకడు వీపుకి కట్టుకుని ఎగిరాడు. నైలా ముందు కళ్ళొక్కటే చూపించింది, తర్వాత ముక్కు, మధ్యాహ్నానికి పళ్ళు కూడా. నువ్వన్న కనుబొమ్మలు చూశాను పెద్దమ్మా. నువ్వు చెప్పింది నిజమే. నలుగురికి భిన్నాలు బొత్తిగా రావని అప్పుడే తెలిసింది.

ఆ వారమే పరిశీలన. పాసయ్యాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండు.

కాలేజీ మనిషి ఆ కంప్యూటర్ తెర ఫోటో తీసి డీన్‌కి పంపింది. డీన్ నన్ను పిలిచి, కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత అందంగా ఉంది టమియా! సమాజం కలిసొస్తే ఏమవుతుందో చూపించావు" అంది. అదే నోటితో, నియమం మార్చమని మిగతా ఎనిమిది మంది పెట్టుకున్న అర్జీ తిరగ్గొట్టింది. "ఒకరికి సాధ్యమైంది కదా, ఇక నియమంలో తప్పేముంది?" అంది. మరిసోల్‌ది ఏడో తరగతి, ముప్ఫై మంది. నన్ను చూసి నవ్వింది, ఆ నవ్వు నీకు తెలీదు. "మాకు ఆర్కన్సాలో పెద్దమ్మలు లేరు టమియా. మీ పెద్దమ్మ అద్దెకొస్తుందా?"

వాళ్ళకీ కుట్టి పంపుతానంటావని తెలుసు. వద్దు. దయచేసి వద్దు.

నవంబర్ 19న కాలేజీ ఆన్‌లైన్ సభ. ట్రస్టీలు, విరాళాలిచ్చేవాళ్ళు అందరూ వస్తారు, బయటివాళ్ళు ఎవరైనా చూడొచ్చు, లింకు వెబ్‌సైట్‌లో ఉంది. అందులో సమానత్వ ప్రకటన నేను చదవాలట. నా వెనక ఆ ఫోటో వేస్తారట. పాస్ వదిలేసుకుందామా అనుకుంటున్నాను. అప్పుడు నన్ను చూపించి మిగతా ఎనిమిది మంది నోళ్ళు మూయించలేరు కదా. కానీ జనవరి తరగతి? ఏం చెయ్యమంటావు? త్వరగా రాయి.

టమియా

*

కార్సన్ లాండింగ్,
నవంబర్ 9

టమియా,

వదిలేసుకుంటావా? ఒక్కసారి ఇలా రా, నీ చెవి నా చేతికందేలా.

1970లో ఇక్కడ తెల్ల బడినీ మన బడినీ కలిపారు. పిల్లల్ని కలిపారు, టీచర్లని కలపలేదు. మన బడి టీచర్లలో సగం మందినే ఉంచుకుంటామన్నారు. ఉంచుకునేవాళ్ళ పేర్లలో నాదుంది. అప్పటికి నాకు ఇరవయ్యొకటి, అందరికంటే చిన్నదాన్ని, జీతం తక్కువ. మిగతావాళ్ళ కోసం అందరం కలిసి కాగితం మీద సంతకాలు చేశాం. సంతకం పెట్టిన ఒక్కరినీ తీసుకోలేదు. పదకొండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టాను, ఆ తర్వాతే మళ్ళీ బడి. నీ తెరల మీది ఆ సూటి కుట్టు అక్కడిదే. ఆ పదకొండేళ్ళూ మన పిల్లలకి ఆ బడిలో ఎవరు పాఠం చెప్పారో తెలుసా? మనవాళ్ళెవరూ కాదు. నేను బయట నిలబడ్డాను, వాళ్ళు లోపల ఒంటరిగా కూర్చున్నారు.

చేసినందుకు చింత లేదు. నిన్ను చెయ్యమనను.

నీకు తరగతి దొరికింది. తీసుకో. వాళ్ళిచ్చిన ప్రకటన చదివెయ్, నవ్వు, కాగితం చేతిలో పడ్డాక లోపలికెళ్ళి తలుపేసుకుని నీ పాఠం నువ్వు చెప్పు. మిగతా ఎనిమిది మంది పిల్లల లెక్క పంపు. మా ఆడవాళ్ళకి చేతులున్నాయి, దుప్పట్లున్నాయి. రెండు వందలైనా కుడతాం. "వద్దు" అంటే నాకర్థం కాలేదు. కుట్టడం నీకు నామోషీ అయితే నాకు కాదు.

వెర్డెల్

*

మిల్వాకీ,
నవంబర్ 20

పెద్దమ్మా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రోజూ పెట్టె తెరిచి చూశాను. కోపమొచ్చి రాయలేదో, ఉత్తరం ఏ గోదాములో కూర్చుందో. ఏమనుకుంటావో తెలియకుండానే చేసేశాను.

నిన్న సభ. డీన్ స్వాగతం చెప్పింది. శానిటైజర్లు, బాణాలు, పచ్చ టిక్కులు, కాలేజీ ఈ కష్టకాలంలో ఒక్క రోజూ ఆగలేదని. తర్వాత మన పిల్లల ఫోటో తెర నిండా వేశారు. పైన పెద్ద అక్షరాల్లో "మా నిబద్ధతకు నిదర్శనం". తల్లుల్ని ఒక్క మాట అడగలేదు.

నా వంతు వచ్చింది. కెమెరా ఆపేసి ప్రకటన చదవడం మొదలుపెట్టాను.

"టమియా, నీ వీడియో ఆగిపోయినట్టుంది" అంది డీన్.

"ఆగలేదండీ, నేనే ఆపాను."

"మాకు నువ్వు కనిపించడం లేదమ్మా."

"వినిపిస్తున్నానా?"

"వినిపిస్తున్నావు..."

"అయితే నేనిక్కడ ఉన్నట్టా, లేనట్టా?"

ఎవరో పెద్దాయన, మైకు ఆపడం మరిచిపోయి, "సాంకేతిక సమస్యా ఇది? కొడుకుని పిలవనా?" అన్నాడు. నేను చెప్పాను. తొట్టిలో కూర్చుని నన్ను దిద్దిన పిల్లవాడున్నాడని, తెర కట్టకముందు కూడా ఉన్నాడని, మీ నియమం ప్రకారం లేడని. నా పాస్ నేను వెనక్కిచ్చేస్తున్నానని, మిగతా ఎనిమిది మందితో పాటే నన్నూ చూడమని. మరిసోల్ గడి నల్లబడింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి.

డీన్ ఏదో మొదలుపెట్టింది, "మన టమియా భావోద్వేగం..." అని. అప్పుడు పక్కన మాటలు రాసే పెట్టెలో ఒక లైను పడింది. పంపినవాళ్ళ పేరు "మౌంట్ కాల్వరీ చర్చి ఆఫీసు".

"ఆ తెరలు కుట్టింది నేను. ఇందుకు కాదు."

సభలో ఉన్న అందరూ చదివారు. డీన్ కూడా చదివి ఆగిపోయింది. సభ ముగించేశారు.

పెద్దమ్మా, అది నువ్వేనా?

టమియా

*

మిల్వాకీ,
డిసెంబర్ 5

పెద్దమ్మా,

నీ నవంబర్ 9 నాటి ఉత్తరం నిన్న వచ్చింది. డిసెంబర్‌లో! నిలబడే చదివాను. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. చొక్కాల ఫ్యాక్టరీ సంగతి ఇన్నేళ్ళలో నాకెవరూ ఎందుకు చెప్పలేదు? అమ్మకి తెలుసా?

ఇప్పుడు చెప్పు. "నవ్వు, చదివెయ్" అని తొమ్మిదిన రాశావు. పంతొమ్మిదిన "ఇందుకు కాదు" అన్నావు. ఏది నీ మాట? ఉత్తరం వేళకొచ్చి ఉంటే నేను నీ మాట వినేదాన్నేమో. అది తలచుకుంటే భయమేస్తోంది.

ఫలితం రాస్తాను. నియమం మార్చారు. పిల్లల గొంతు, రాత, ఏదైనా లెక్కకొస్తుంది. సమానత్వ కమిటీ మార్చలేదులే, ఆపరేషన్స్ కమిటీయే ఒక పావుగంటలో మార్చేసిందట. తొమ్మిది మందినీ ఫిబ్రవరిలో మళ్ళీ చూస్తారు. నన్ను కూడా. డీన్ ఫోన్ చేసి, "నీది అలాగే ఉంచుకోవచ్చు, ఎవరికీ చెప్పక్కర్లేదు" అంది. వద్దన్నాను. ఈసారి ఆవిడ ఏడవలేదు.

ఫిబ్రవరి అంటే జనవరి కాదు. ప్రిన్సిపాల్ చాలాసేపు నసిగాడు. నా తరగతి కెల్సీ అనే అమ్మాయికిచ్చారు, శివారు స్కూల్లో చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. చెడ్డది కాదు. "పిల్లల గురించి నాకేమైనా చెబుతావా?" అని అడిగింది. రెండు గంటలు చెప్పాను. నైలాని మొదటి వారం పలకరించొద్దని, తనే వస్తుందని. ఫోన్ పెట్టేశాక మాత్రం వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. జనవరి నుంచి నేను ఏ స్కూలు పిలిస్తే ఆ స్కూలుకి, ఏ పూటకి ఆ పూట బదులు టీచర్‌ని.

నిన్న చివరి రోజు. సగం మంది తెరలు కట్టారు, సగం మంది కెమెరాలు ఆపారు. క్వింటెల్ ఆపాడు. "జనవరిలో మీరుంటారా మిస్?" అని అడిగాడు. ఉండనని చెప్పాను. తొట్టిలో నల్లాలోంచి ఒక చుక్క రాలిన చప్పుడు వినపడింది.

టమియా

*

కార్సన్ లాండింగ్,
డిసెంబర్ 14

టమియా,

అవును, నేనే. సిస్టర్ ఓడమ్ ఆఫీసు యంత్రం పెట్టి, కింద అక్షరాలు పడేలా చేసింది, నాకు వినపడదు కదా. మీ కాలేజీ వాళ్ళ మాటలన్నీ చదువుకుంటూ కూర్చున్నాను. నువ్వు నవ్వుతూ చదువుతావు, నేను చూసి పడుకుంటాను అనుకుని వెళ్ళాను. నీ గడి నల్లబడితే యంత్రం చెడిందని సిస్టర్ ఓడమ్ దాన్ని రెండు దెబ్బలు కొట్టింది. తర్వాత నీ మాటలు అక్షరాలుగా పడ్డాయి.

అంతకుముందే మా గుడ్డని చూశాను. ఆ పిల్లల మీద రాసిన రాత చూశాను. పిల్లకి చాటు కావాలని కుట్టింది నేను. దాన్ని నీ తోటివాళ్ళ మీద సాక్ష్యంగా నిలబెట్టారు. నువ్వెందుకు వద్దన్నావో అప్పుడర్థమైంది. ఇంకో రెండు వందలు కుట్టుంటే రెండు వందల సాక్ష్యాలయ్యేవి. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టాను. సిస్టర్ ఓడమ్ "సంతకం పెట్టవా?" అంది. అక్కర్లేదు, తనకి తెలుస్తుందిలే అన్నాను.

ఫ్యాక్టరీ సంగతి మీ అమ్మకి తెలుసు. చెప్పొద్దని నేనే అన్నాను. నువ్వు నాలా తయారవుతావని భయం. చూడు, చెప్పకపోతే ఏమైందో.

ఏది నా మాట అని అడిగావు. రెండూ నావే. పాత ఉత్తరం చింపెయ్యకు. పాస్ వదులుకోవడం తప్పు. నీ తరగతి ఇంకొకరి చేతిలో పెట్టావు, ఆ పిల్లవాడు అడిగితే ఉండనని చెప్పాల్సొచ్చింది. ఫిబ్రవరి దాకా ప్రతి ఉత్తరంలోనూ నిన్ను తిడతాను. కానీ ఆ రోజు నువ్వు నవ్వుతూ చదివి ఉంటే, ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాయడానికి ఈ బల్ల ముందు కూర్చునేదాన్ని కాదు.

మంచి బూట్లు కొనుక్కో. బదులు టీచర్లకి కుర్చీ ఎవరూ చూపించరు.

నీ
వెర్డెల్ పెద్దమ్మ